పాఠశాలల నడుమ అంతర్జాల సహకార ప్రాజెక్టులు: నిర్వహణ పరిశీలనము

1. విషయ నిర్దేశము

ఒక పాఠశాలయందలి తరగతి, దూరమున నున్న మఱొక పాఠశాలయందలి తరగతితో అంతర్జాల సాధనమున కలిసి, ఒకే ప్రశ్నకు సమాధానము వెదకి, ఉభయుల కృషిచేత ఒక ఫలితమును సాధించుటను సహకార ప్రాజెక్టు అని ఈ వ్యాసమున వ్యవహరించుచున్నాము. ఈ లక్షణవాక్యమున మూడంశములు కలవు. ప్రశ్న ఒకటియే కావలెను. కృషి ఉభయులదిగా నుండవలెను. ఫలితము ఏ ఒక్క తరగతికిని ఒంటరిగా సాధ్యము కానిదై యుండవలెను. ఈ మూడింటిలో తుదిది ముఖ్యము. దానిని విస్మరించుటచేతనే అనేక ప్రయత్నములు ప్రాజెక్టు అను పేరు వహించియు, కేవలము పరిచయ కార్యక్రమములుగా ముగియుచున్నవి.

రెండు తరగతుల పిల్లలు వీడియో తెరపై ఒకరినొకరు చూచుకొని, చేతులూపి, చెరియొక పాట పాడి సెలవు తీసికొనుట వేడుకయే. దానివలన చెఱుపు లేదు. కాని అందు ఒక తరగతికి రెండవ తరగతితో తీరవలసిన పని ఏదియు లేదు. రెండవ తరగతి ఆ దినమున రాకపోయినను మొదటి తరగతి చదువునకు లోటు కలుగదు. ఏ తరగతి లేకపోయినను రెండవ తరగతి పని ఆగిపోవునట్టి కూర్పే సహకారమని మా మతము.

తెలుగు శాఖ వెలువరించు పత్రికలో ఈ విషయ మేలయని ప్రశ్న కలుగవచ్చును. అంతర్జాలమనగానే అది కంప్యూటరు ఉపాధ్యాయుని పని యనుకొనుట మన పాఠశాలలలో పరిపాటి యైనది. యంత్రము నడుపుట ఆయన పనియే కావచ్చును. కాని రెండు తరగతుల నడుమ సాగునది ప్రశ్న, వర్ణన, సందేహము, సవరణ, నివేదిక. ఇవి యన్నియు వాక్యములతో జరుగు పనులు. కావున ఈ కార్యమున భాషోపాధ్యాయునకు ప్రధాన స్థానము కలదు. అంతియకాక మన శాఖలలో మాండలిక పరిశీలనము చేయు పరిశోధక విద్యార్థులకు ఇట్టి ప్రాజెక్టులు విలువైన సామగ్రి నొసగగలవు. ఆ సంబంధమును నాలుగవ ప్రకరణమున వివరింతుము.

2. పూర్వచరిత్ర

ఈ భావము అంతర్జాలముతో పుట్టినది కాదు. 1920 ప్రాంతపు దశకమున ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున, బార్-స్యూర్-లూ అను కొండయూరిలో, సెలెస్టిన్ ఫ్రెనే (1896–1966) అను ఉపాధ్యాయుడు తన తరగతిలో చిన్న ముద్రణ యంత్రము నెలకొల్పెను. పిల్లలు తాము వ్రాసికొనిన విషయములను తామే అక్షరములు పేర్చి అచ్చువేసిరి. ఆ కాగితములు తపాలా ద్వారా బ్రిటనీ తీరమందలి ట్రెగుంక్ అను ఊరి పాఠశాలకు పోయినవి. అచటి ఉపాధ్యాయుడు రెనే డానియేలు. ఆయన తరగతి పిల్లలును తమ యూరి విషయములు వ్రాసి పంపిరి.

ఈ చిన్న వినిమయమునుండి విద్యావేత్తలు గ్రహించిన సూత్రము గొప్పది. తరగతిలో పిల్లవాడు సాధారణముగా ఉపాధ్యాయుని కొఱకు వ్రాయును. తాను వ్రాయునది ఉపాధ్యాయునకు ముందే తెలియునని వానికిని తెలియును. అందుచేత వివరింపవలసిన అవసరము వానికి తోపదు. కొండయూరి పిల్లవాడు సముద్రతీరపు పిల్లవానికి వ్రాయునపుడు పరిస్థితి మాఱును. తన యూరిలో అందఱికిని తెలిసినది అచట ఎవ్వరికిని తెలియదు. కావున ప్రతి మాటయు విప్పి చెప్పవలసి వచ్చును. తెలియని పాఠకుడు లభించుటయే రచనకు మూలకారణ మగును.

యంత్ర సాధనమున ఈ పద్ధతి ప్రబలుట 1980 ప్రాంతపు దశకమున జరిగెను. 1988లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమునకును, సోవియట్ రాజధాని మాస్కోకును చెందిన పాఠశాలలను, ఒక్కొక్క వైపున పండ్రెండింటి చొప్పున, కంప్యూటర్ల ద్వారా కలిపిరి. రెండు మహారాజ్యముల నడుమ వైరము ఇంకను పూర్తిగా సమసిపోని కాలమది. ఆ యత్నమే క్రమముగా విస్తరించి ఐ-ఎర్న్ అను అంతర్జాతీయ సంస్థగా రూపొందెను. ఆ దశకముననే మార్గరెట్ రీల్ అను విద్యావేత్త అభ్యసన వలయము అను పద్ధతిని తీర్చిదిద్దెను. ఆఱు మొదలు ఎనిమిది తరగతులు ఒక వలయముగా నేర్పడును. ఒక్కొక్క తరగతి ఒక్కొక్క విషయమునకు బాధ్యత వహించును. మిగిలిన తరగతులన్నియు ఆ విషయమునకు తమ ప్రాంతపు సమాచారము నందించును. బాధ్యత వహించిన తరగతి దానిని సమన్వయించి సంపుటముగా వెలువరించును. అనగా ప్రతి తరగతియు ఒక విషయమున యజమాని, మిగిలినవానియందు సహాయకుడు. పెద్దఱికము ఏ ఒక్కరికిని స్థిరపడకుండ చేయు ఈ యమరిక మిక్కిలి వివేకవంతమైనది.

1994లో ప్రకటింపబడి 1995లో ఆరంభమైన గ్లోబ్ అను కార్యక్రమము మఱొక మార్గము చూపెను. అందు పాఠశాలలు తమ చోట ఉష్ణోగ్రత, వర్షపాతము, మేఘములు మొదలగువానిని ఒకే నియమావళి ననుసరించి కొలిచి నమోదు చేయును. కొలత విధానము ఒకటి కానిచో సంఖ్యలను పోల్చుట వ్యర్థమను పాఠము దానివలన తెలియవచ్చును. 2005లో ఐరోపా సంఘము ఈ-ట్విన్నింగ్ అను పథకమును ప్రారంభించెను. భిన్న దేశములకు చెందిన ఇద్దఱు ఉపాధ్యాయులు కలిసి ప్రాజెక్టును నమోదు చేయవలెనను నియమము ఆరంభమున దానికుండెను. తరగతుల పొత్తునకు ముందు ఉపాధ్యాయుల పొత్తు కుదురవలెనని ఆ నియమమునకు తాత్పర్యము.

3. మొదటి ఉదాహరణము: భూపరిధిని కొలుచుట

సహకారముయొక్క అనివార్యతను సుబోధము చేయుటకు గణితమునుండి ఒక యుదాహరణము గైకొందుము. క్రీ.పూ. 3వ శతాబ్దమున ఎరటోస్థనీసు అను గ్రీకు పండితుడు అలెగ్జాండ్రియా, సైయీను అను రెండు పట్టణములలో మధ్యాహ్న సూర్యుని స్థితియందలి భేదమును బట్టి భూపరిధిని గణించెను. ఆ భేదము వృత్తమున ఏబదవ వంతని ఆయన నిర్ణయించెను. రెండు పట్టణముల నడుమ దూరము 5,000 స్టేడియములుగా గ్రహించి, దానిని 50చే గుణించి, భూపరిధి 2,50,000 స్టేడియములని తేల్చెను. ఈ గణనమును రెండు పాఠశాలలు నేడు ఒక మీటరు కఱ్ఱతో పునరావృత్తి చేయవచ్చును.

ఆదిలాబాదునందొక పాఠశాల, కడపయందొక పాఠశాల పూనుకొనినవనుకొందము. ఈ రెండును దాదాపు ఒకే రేఖాంశముపై నున్నవి. కనుక మధ్యాహ్నము రెండు చోటులను ఇంచుమించు ఒకే సమయమున అగును. మార్చి 21 ప్రాంతమున, సూర్యుడు విషువద్రేఖపై నున్నపుడు, నిటారుగా నిలిపిన మీటరు కఱ్ఱకు మధ్యాహ్నపు నీడ ఆదిలాబాదున సుమారు 35.7 సెంటీమీటర్లు, కడపలో సుమారు 25.8 సెంటీమీటర్లు ఉండును. ఈ నీడలనుండి లభించు కోణములు క్రమముగా సుమారు 19.7, 14.5 డిగ్రీలు. రెండింటి భేదము 5.2 డిగ్రీలు. పటమునందు స్కేలుతో కొలిచినచో ఉత్తర దక్షిణముల దూరము సుమారు 575 కిలోమీటర్లు. 575ను 360చే గుణించి 5.2చే భాగించినచో సుమారు 39,800 కిలోమీటర్లు వచ్చును. ధ్రువముల మీదుగా కొలిచిన యథార్థ భూపరిధి సుమారు 40,008 కిలోమీటర్లు. బస్సు మార్గపు దూరము వంకరలతో కూడినది కావున ఇట పనికిరాదు.

ఆదిలాబాదు తరగతి ఎంత శ్రద్ధగా కొలిచినను, కడపనుండి సంఖ్య రానిచో ఆ తరగతికి మిగులునది ఒక నీడ పొడవు మాత్రమే. కడప తరగతి స్థితియు నంతియే. పరస్పరావశ్యకత యనగా నిది.

ఇక నిర్వహణలో పొరపాటు దొరలినచో కలుగు ఫలితము చూడుడు. ఒక తరగతి మార్చి 21న కొలిచి, రెండవ తరగతి సెలవు కారణముగా మార్చి 22న కొలిచినదనుకొందము. విషువత్కాలమున సూర్యుని క్రాంతి దినమునకు సుమారు 0.4 డిగ్రీల చొప్పున మాఱును. ఆలస్యము చేసినది ఆదిలాబాదు తరగతి యైనచో కోణభేదము 5.2కు బదులు 4.8 అగును. భూపరిధి 43,000 కిలోమీటర్లు దాటును. ఒక్కనాటి అశ్రద్ధచే భూమి మూడువేల కిలోమీటర్లకు పైగా ఉబ్బినదన్నమాట. నీడ కొలతలో రెండు మిల్లీమీటర్ల తప్పు జరిగినచో కోణము 0.1 డిగ్రీ మాఱి, పరిధిలో సుమారు 780 కిలోమీటర్ల దోషము కలుగును.

మఱియొక సూక్ష్మము కలదు. మధ్యాహ్నమనగా గడియారములో పండ్రెండు గంటలు కాదు. భారత ప్రామాణిక కాలము 82.5 డిగ్రీల రేఖాంశమును బట్టి నిర్ణీతమైనది. ఆదిలాబాదు దానికి పడమట నాలుగు డిగ్రీల దూరమున నున్నందున అచట సూర్యుడు 16 నిమిషములు ఆలస్యముగా నడినెత్తికి వచ్చును. దీనికి తోడు సూర్యగతివలన కలుగు భేదమును కలిపినచో మార్చి 21న అచటి మధ్యాహ్నము సుమారు 12 గంటల 23 నిమిషములకును, సెప్టెంబరు 23న సుమారు 12 గంటల 8 నిమిషములకును అగును. ఈ లెక్క పిల్లలకు కష్టమైనచో, 11 గంటల 50 నిమిషములు మొదలు 12 గంటల 40 నిమిషముల వఱకు ఐదేసి నిమిషముల కొకసారి నీడ కొలిచి, కనిష్ఠమైనదానిని గ్రహించిన చాలును. మేఘములు కమ్మినచో ఇరువురును కలిసి మఱొక దినమునకు వాయిదా వేసికొనవలెను. ఒకరు కొలిచిన కొలతను మఱొకరి వేఱొక దినపు కొలతతో జత పఱుపరాదు. ఈ నియమములను ప్రారంభముననే లిఖితపూర్వకముగా నిర్ణయించుకొనుట నిర్వాహకుల ప్రథమ కర్తవ్యము.

4. రెండవ ఉదాహరణము: ప్రాంతీయ పదసేకరణము

తెలుగు ఉపాధ్యాయునకు మిక్కిలి సన్నిహితమైనది ఈ రెండవ ప్రాజెక్టు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటమును ప్రకటించెను. అది వ్యవసాయ పదములకు సంబంధించినది. చేనేత పదముల సంపుటము 1971లో వెలువడెను. ఆ కృషివలన తెలుగునకు ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలములని నాలుగు మాండలిక విభాగములను నిరూపించుటకు ఆధారము లభించెను. ఆ సేకరణము జరిగి అఱువది సంవత్సరములు దాటినది. నాడు అరక కట్టిన పొలమున నేడు ట్రాక్టరు నడచుచున్నది. నాగలి, మడక, గొర్రు, గుంటక మొదలగువాని భాగములకు పేర్లు చెప్పగల వృద్ధులు ప్రతి యూరను తగ్గుచున్నారు. నేటి బడిపిల్లలకు వారు తాతలో ముత్తాతలో యగుదురు. ఈ తరము గడచినచో ఆ పదములు పుస్తకములందే తప్ప నోట వినబడవు.

నాలుగు మండలములనుండి నాలుగు పాఠశాలలు ఒక వలయముగా నేర్పడినచో, ఒకే వస్తువుల పట్టికను తీసికొని, తమ తమ ఊళ్ల పేర్లు సేకరింపవచ్చును. సులభమైన వస్తువులతో ఆరంభించుట మేలు. ఒకచోట సొరకాయ యైనది వేఱొకచోట ఆనపకాయ. తీరప్రాంతమున ఉల్లిపాయ యనునది తెలంగాణమున ఉల్లిగడ్డ, రాయలసీమలో ఎఱ్ఱగడ్డ. బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ ఒకే వస్తువునకు పేర్లు. వేరుసెనగను పల్లీలనువారు కలరు, బుడ్డలనువారును కలరు. ఇట్టి తెలిసిన పదములతో పిల్లలకు అభ్యాసము కుదిరిన పిదప వృత్తులకు సంబంధించిన పదములలో ప్రవేశింపవలెను.

సేకరణమున పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. వస్తువు పేరు చెప్పి ప్రశ్నింపరాదు. "సొరకాయను మీరేమందురు?" అని యడిగినచో పెద్దవారు మర్యాదకొఱకు సొరకాయ యనియే బదులు చెప్పవచ్చును. వస్తువునో, దాని చిత్రమునో చూపి, "దీనిని మీ యింట నేమందురు?" అని యడుగవలెను. వినినది వినినట్లే వ్రాయవలెను. పుస్తకపు భాషలోనికి దిద్దరాదు. వీలైనచో సెల్‌ఫోనులో ధ్వనిని నమోదు చేయవలెను. చెప్పినవారి యీడు, వృత్తి, ఆ యూర నివసించిన కాలము వ్రాసికొనవలెను. పేరు వ్రాయ నవసరము లేదు.

స్థలమును గుర్తించుటలో ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను. 1962 నాటి కోశమున పదములు జిల్లాల వారీగా సూచింపబడినవి. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్ర మయ్యెను. 2016లో అచటి 10 జిల్లాలు 31గాను, 2019 నాటికి 33గాను విభజింపబడినవి. 2022లో ఆంధ్రప్రదేశమునందలి 13 జిల్లాలు 26 అయినవి. జిల్లా పేరు మాత్రమే వ్రాసిన పట్టికను పాత కోశముతో పోల్చుట దుస్సాధ్యము. కావున గ్రామము, మండలము, పూర్వపు జిల్లా, నేటి జిల్లా అను నాలుగు గడులు ప్రతి పట్టికయందును ఉండవలెను.

ఈ ప్రాజెక్టునకు పదసంఖ్యను మించిన ప్రయోజనము కలదు. ఇంటినుండి తెచ్చుకొనిన మాటను వ్యాసమున వ్రాసినందుకు ఎఱ్ఱసిరా గీతను చూచి సిగ్గుపడని పిల్లవాడు అరుదు. కొన్నాళ్లకు వాడు ఆ మాటను బడిలో మానును, క్రమముగా ఇంటను మానును. ఈ వలయమున అదే మాట దూరపు తరగతికి కావలసిన సమాచార మగుచున్నది. అది లేనిచో వారి పట్టికలో ఒక గడి ఖాళీగా మిగులును. ఏ మాట ఒప్పు, ఏది తప్పు అను ప్రశ్న ఎక్కడ ఏ మాట వాడుకలో నున్నదను ప్రశ్నగా మాఱును. ప్రామాణిక భాషను నేర్పుటకు ఇది అడ్డు కాదు. నాలుగు మండలముల పదములను వివరించు తుది నివేదికను అందఱికిని తెలియు భాషలో వ్రాయవలసి వచ్చినపుడు, ప్రామాణిక భాష దేనికొఱకు కావలెనో పిల్లలకు అనుభవపూర్వకముగా తెలియును.

5. నిర్వహణ క్రమము

పై యుదాహరణములనుండి సామాన్యమైన క్రమము నొకదానిని నిర్దేశింపవచ్చును. అభ్యసన వలయ పద్ధతిలోని దశలను మన పాఠశాలల స్థితికి అనువుగా మార్చి ఇట చూపుచున్నాము.

మొదటి దశ ఉపాధ్యాయుల ఒడంబడిక. పిల్లలకు ప్రాజెక్టును ప్రకటించుటకు ముందే ఇరువురు ఉపాధ్యాయులును మాటలాడుకొని, ఒక పుటకు మించని పత్రము వ్రాసికొనవలెను. అందు ప్రశ్న, తరగతి, విద్యార్థుల సంఖ్య, ఎవరు ఏ తేదీకి ఏమి పంపవలెను, తుది ఫలితము ఏ రూపమున నుండవలెను అను అంశములు స్పష్టము కావలెను. ప్రధానోపాధ్యాయుల అనుమతియు ఈ దశయందే పొందవలెను. ఉపాధ్యాయునకు బదిలీ యైనచో పని ఎవరు కొనసాగింతురో కూడ అందు పేర్కొనుట వివేకము.

రెండవ దశ పంచాంగ నిర్ణయము. తెలుగు రాష్ట్రములలో విద్యాసంవత్సరము జూన్ మాసమున మొదలగును. మారిషస్ ద్వీపమున ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు ఐచ్ఛిక భాషగా బోధింపబడుచున్నది. అచట విద్యాసంవత్సరము జనవరిలో ఆరంభమై సంవత్సరాంతమునకు ముగియును. అమెరికాలోని తెలుగు కుటుంబముల పిల్లలు ప్రాయికముగా శని ఆదివారములలో నడచు తెలుగు బడులలో చదువుదురు. అచటి బడులు వేసవి గడచిన పిదప తెఱవబడును. ఈ మూడు చోటులను కలుపవలెనన్నచో సెప్టెంబరు, అక్టోబరు మాసములే అనుకూలములు. అందును మనకు దసరా సెలవులు అడ్డువచ్చును. ఆఱు వారములకు మించిన ప్రణాళిక అంతర్దేశ ప్రాజెక్టునకు తగదు.

కాలభేదమును గూడ గమనింపవలెను. మారిషస్ మనకంటె గంటన్నర వెనుక నుండును. మన పదునొకండు గంటలు వారికి తొమ్మిదిన్నర. కనుక ఉభయులును తరగతి వేళయందే ప్రత్యక్షముగా సంభాషింపవచ్చును. కాలిఫోర్నియాకును మనకును ఋతువును బట్టి పండ్రెండున్నర లేక పదమూడున్నర గంటల అంతరము కలదు. అచటివారితో బడి వేళ ముఖాముఖి సంభాషణము సాధ్యము కాదు. అట్టిచోట వ్రాతయు, ముద్రిత ధ్వనియు ఆధారములు కావలెను. ఇది లోపము కాదు. ఉత్తరము వ్రాయునపుడు ఆలోచించుటకును, దిద్దుకొనుటకును అవకాశ మెక్కువ.

మూడవ దశ పరిచయము. దీనిని ఒక వారమునకు పరిమితము చేయవలెను. పరిచయ లేఖలు ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క విద్యార్థికి కాక, నలుగురైదుగురు గల జట్టు మఱొక జట్టునకు వ్రాయుట మేలు. జంటలుగా కూర్చినచో ఒక పిల్లవాడు జ్వరముచే బడి మానిన నాడు దూరమున నున్న వాని జంట ఉత్తరమునకై ఎదురుచూచి నిరాశ చెందును. జట్టునకు జట్టు ఉన్నచో బదులు రాకపోదు.

నాలుగవ దశ సేకరణము, వినిమయము. ఇచట పాటింపవలసిన ప్రధాన నియమము ఒకటి కలదు. వచ్చిన ప్రతి సందేశమునకు నిర్ణీత దినములలో, మూడు దినములనుకొందము, బదులు పోవలెను. పని పూర్తి కానిచో "ఇంకను పూర్తి కాలేదు, సోమవారము పంపగలము" అని యైనను వ్రాయవలెను. సాధనములు చెడుటకంటె బదులు లేకపోవుటయే సహకారమును త్వరగా చంపునని మా యభిప్రాయము. యంత్రము చెడినచో బాగుచేసికొనవచ్చును. మాట పలుకని తరగతిపై రెండవ తరగతి పిల్లలకు పోయిన నమ్మకము తిరిగి కలుగుట కష్టము.

ఐదవ దశ సమన్వయము. వచ్చిన సమాచారమును పోల్చి, భేదములకు కారణములు వెదకి, సందేహములు మరల అవతలి తరగతికి పంపవలెను. "మీ పట్టికలో తొమ్మిదవ పదమును ఒకరే చెప్పిరా, పలువురు చెప్పిరా?" అను ప్రశ్న విద్యార్థినుండి వెలువడిన నాడు పరిశోధనము ఆరంభమైనదని ఉపాధ్యాయుడు గ్రహింపవచ్చును. కావున కాలనిర్ణయమున ఈ దశకు కనీసము రెండు వారములు కేటాయింపవలెను. సేకరణముతో కాలమంతయు గడచి, తుది దినమున పట్టికలను అతికించి ముగించుట ఇట్టి ప్రయత్నములకు సామాన్యముగా వచ్చు వ్యాధి.

ఆఱవ దశ ప్రకటనము, వీడ్కోలు. ఫలితము ఉభయ పాఠశాలలలోను ప్రదర్శింపబడవలెను. పదములు చెప్పిన వృద్ధులను ఆహ్వానించి వారి యెదుట చదువుట ఉచితము. పిదప వీడ్కోలు లేఖలు వ్రాయించి ప్రాజెక్టును విధిగా ముగింపవలెను.

6. సాధనముల కొఱత, సమత్వము

కేంద్ర విద్యాశాఖవారి యూడైస్ ప్లస్ నివేదిక ననుసరించి 2023–24 సంవత్సరమున దేశమందలి పాఠశాలలలో అంతర్జాల సౌకర్యము కలవి నూటికి సుమారు 54 మాత్రమే. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడినపుడు, సెల్‌ఫోను గల యింటి పిల్లలకును లేని యింటి పిల్లలకును నడుమ గల అంతరము ఎంతటిదో అందఱికిని విదిత మైనది. కావున సాధన సంపత్తి గల పాఠశాలను ప్రమాణముగా గొని ప్రాజెక్టును రచించినచో, రెండవ పాఠశాల ఆదినుండియే యాచకస్థితిలో నిలుచును.

ఉభయులలో ఎవరి సాధనములు తక్కువయో వారి స్థితికి తగినట్లుగా ప్రణాళికను రచింపవలెను. పైన జెప్పిన రెండు ప్రాజెక్టులకును పాఠశాలకొక సెల్‌ఫోను చాలును. పిల్లలు కాగితముపై వ్రాయుదురు. ఉపాధ్యాయుడు ఆ కాగితములను ఫొటో తీసి ఇ-మెయిలు ద్వారానో వాట్సాప్ ద్వారానో పంపును. వచ్చిన వానిని తరగతిలో చదివి వినిపించును, వీలైనచో అచ్చు తీసి గోడకు అంటించును. వీడియో సంభాషణము పని ముగిసిన పిదప వేడుకగా జరుపుకొనవచ్చును. దానినే ఆధారము చేసికొనినచో విద్యుత్తు పోయిన నాడు ప్రాజెక్టు ఆగిపోవును.

భాషా విషయమునను ఇట్టి వైషమ్యము పొంచియుండును. పట్టణపు ఆంగ్ల మాధ్యమ పాఠశాలయు, పల్లెటూరి పాఠశాలయు కలిసినపుడు వ్యవహారము తెలియకుండనే ఆంగ్లములోనికి జాఱి, పల్లె పిల్లలు మౌనము వహింతురు. ఏ భాషలో పని జరుగవలెనో ఒడంబడికయందే నిర్ణయించుకొనవలెను. పదసేకరణ ప్రాజెక్టున పల్లె పాఠశాలయే ధనికమైనదని పట్టణపు పిల్లలు గ్రహింపగలరు. ఏలయన కావలసిన పదములు అచటనే కలవు.

7. బాలల రక్షణము

2023లో మన దేశమున వ్యక్తిగత డిజిటల్ సమాచార సంరక్షణ చట్టము చేయబడెను. పదునెనిమిది సంవత్సరములు నిండనివారిని ఆ చట్టము బాలలుగా పరిగణించుచున్నది. వారి వ్యక్తిగత సమాచారమును వినియోగించుటకు తల్లిదండ్రుల యొక్క నిర్ధారింపదగిన సమ్మతి యుండవలెనని అందలి నిబంధనము. చట్టపు టూహ నటుంచినను, బడిపై విశ్వాసముంచి బిడ్డను పంపిన తల్లిదండ్రులకు విషయము తెలుపుట మన ధర్మము. కావున ప్రాజెక్టు స్వరూపమును తెలుగులో వివరించి, సంతకము పొందవలెను. పిల్లల యింటి చిరునామాలు, టెలిఫోను సంఖ్యలు అవతలికి పోరాదు. సందేశములన్నియు ఉపాధ్యాయుల ద్వారానే సాగవలెను. పిల్లల ముఖచిత్రములను, పూర్తి పేర్లను బహిరంగముగా ప్రకటింపరాదు. జట్టుకు నది పేరో, చెట్టు పేరో పెట్టుకొనిన చాలును.

8. మూల్యాంకనము

తుది పుస్తకపు అందచందములను బట్టి మార్కులు వేయుట తగదు. అది ఒకరిద్దఱు చురుకైన పిల్లల పని కావచ్చును, ఉపాధ్యాయునిదే కావచ్చును. మూడు విషయములను పరిశీలింపవలెనని మా సూచన. మొదటి ఉత్తరమును, తుది ఉత్తరమును ప్రక్కప్రక్కన నుంచి, తెలియనివారికి విషయము వివరించు శక్తి ఎంత వృద్ధి పొందినదో చూడవలెను. నివేదికలో అవతలి తరగతి సమాచారమును ఎంతవఱకు వినియోగించిరో చూడవలెను. తమ కొలతలోగాని పట్టికలోగాని దోషము కనిపించినపుడు దానిని ఎట్లు సవరించుకొనిరో చూడవలెను. రెండవదానికి సమాధానము శూన్యమైనచో, ఉత్తరములు ఎన్ని పోయినను, ఎన్ని వచ్చినను, అచట సహకారము జరుగలేదని నిర్ణయింపవచ్చును.

9. ఉపసంహారము

ఇంతవఱకు చేసిన చర్చవలన తేలిన యంశములు ఇవి. ఒంటరిగా సాధింపరాని ప్రశ్నను ఎన్నుకొనవలెను. ఉపాధ్యాయుల ఒడంబడిక ముందును, పిల్లల పరిచయము పిదపను జరుగవలెను. కొలత విధానము, తేదీలు, భాష, బదులు పంపవలసిన గడువు లిఖితములై యుండవలెను. తక్కువ సాధనములు గల పాఠశాల స్థితియే ప్రణాళికకు కొలబద్ద కావలెను.

విశ్వవిద్యాలయ శాఖల వంతు పని కొంత మిగిలియున్నది. 1962, 1971 నాటి కోశములనుండి ఏబదియో, నూఱో వస్తువులను ఎన్నుకొని, చిత్రములతో కూడిన ప్రశ్నావళిని సిద్ధపఱచి పాఠశాలలకు అందింపవచ్చును. వచ్చిన పట్టికలను సరిచూచి, పాత సామగ్రితో పోల్చి, ఏ పదము నిలిచినది, ఏది ఎల్లలు దాటినది, ఏది మఱుగుపడినది అను విషయమును నిర్ణయించుట ఒక పరిశోధక విద్యార్థికి తగిన సిద్ధాంతగ్రంథ విషయము. పిల్లలు పంపు పట్టికలలో దోషము లుండకపోవు. కాని ఒకే పదమును పది యూళ్లనుండి పది తరగతులు పంపినపుడు దోషము తనంత తానే బయటపడును. నాగలి భాగముల పేర్లు తెలిసిన పెద్దలు ఇంకను మన యూళ్లలో నున్నారు. వచ్చు విద్యాసంవత్సరమున ఒక్కొక్క మండలమున ఒక్కొక్క పాఠశాలయైనను ఇందుకు పూనుకొనునట్లు ఉపాధ్యాయ మిత్రులును, పరిశోధక విద్యార్థులును యత్నింతురని ఆశించుచున్నాము.